ఆకులు ఎర్రబడని ఊళ్ళో పాత బేకరీ రేకులు

మా ఇల్లు సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో, మూడో అంతస్తులో. వంటింటి కిటికీలోంచి ఒక వేపచెట్టు, రెండు కానుగలు, వాటి వెనక పెద్ద రావిచెట్టు కనిపిస్తాయి. ఆశ్వయుజం వచ్చినా అవన్నీ పచ్చగానే ఉంటాయి. మన దగ్గర ఆకులు రాలేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, శిశిరం చివర. చలి దేశాల్లో శరత్తు అంటే మేపుల్ ఆకుల ఎరుపు, గుమ్మడికాయల నారింజ రంగు, ఎండిన మొక్కజొన్న పొత్తులు. అక్కడివాళ్ళు అమ్మమ్మల కాలం నాటి కేకు డబ్బాల్లో, బ్రెడ్డు అచ్చుల్లో వాటిని పేర్చి గుమ్మాల్లో పెట్టుకుంటారు. అవే మనం పెట్టాలంటే ప్లాస్టిక్ ఆకులు కొనుక్కోవాలి. అందుకు నా మనసు ఎప్పుడూ ఒప్పలేదు.

మన శరత్తుకు సొంత సరుకు ఉంది. తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి, చెరువు గట్ల మీద రెల్లు, కొత్త వరికంకి, బండ్ల నిండా సీతాఫలాలు. ఇన్ని ఉన్నా ఒక్కటి తక్కువ అనిపించేది. ఈ పసుపునూ తెలుపునూ నిలబెట్టడానికి వెనక ఒక ముదురు రంగు కావాలి, కాలిన బెల్లం రంగు. అది నాకు పాత బేకరీ రేకుల్లో దొరికింది.

మా మేనమామకు సీతాఫల్‌మండిలో చిన్న బేకరీ ఉండేది. కట్టెల భట్టీ. తెల్లవారుజామున డబల్ రొట్టె, మధ్యాహ్నం బిస్కెట్లు, డిసెంబరులో చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలవాళ్ళు ఇంట్లో కలుపుకొని తెచ్చిన కేకు పిండి. మామయ్య పోయాక అత్తయ్య ఇల్లు ఖాళీ చేస్తూ నాకు ఫోను చేసింది. "అమ్మాయీ, అటక మీద మీ మామయ్య డబ్బాలు ఉన్నాయి. పాత ఇనుప సామాన్లవాడికి వేసేయమంటున్నారు పిల్లలు. నువ్వొకసారి వచ్చి చూసుకుంటే నాకు మనశ్శాంతి" అంది. ఆటోలో రెండు గోనెసంచులు తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పినదాన్ని కనుక, వాటిని చూడగానే చేతులు ఊరుకోలేదు. అప్పటి నుంచి ఏటా పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, నుంచి కార్తీక పౌర్ణమి వరకు మా ఇంట్లో అలంకరణ అంతా ఆ రేకులతోనే. నాలుగేళ్ళలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

రేకులు ఎక్కడ, ఎలా చూసి తెచ్చుకోవాలి

ముందు సొంత వాళ్ళ అటకలు వెతకండి. ఏ ఇంట్లోనైనా ఒక గుండ్రటి కేకు గిన్నె, నాలుగు కప్పుకేకు అచ్చులు ఎక్కడో ఒక మూల ఉంటాయి. అక్కడ దొరకకపోతే ఎర్రగడ్డ ఆదివారం సంతకు, పాతబస్తీ జుమేరాత్ బజారుకు వెళ్ళండి. జుమేరాత్ అంటేనే గురువారం. సరుకు బాగా ఉండేది ఆ రోజే. పొద్దున్నే వెళ్ళడం మంచిది, ఎండ ఎక్కేసరికి మంచివి పోతాయి. మూతబడుతున్న బేకరీ మీ వాడలో ఉంటే నేరుగా యజమానినే అడగండి. చాలామంది తూకానికి ఇచ్చేస్తారు.

జేబులో ఒక చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. అంటుకుంటే అది ఇనుప రేకు, పైన తగరపు పూత. అంటుకోకపోతే దాదాపుగా సత్తు, అంటే అల్యూమినియం. ఈ తేడా తెలియకుండా ఇంటికి తెచ్చి కడిగితే నష్టపోతారు, ఎందుకో తరవాత చెబుతాను. బేకరీ బ్రెడ్డు డబ్బాలు మూడేసి, నాలుగేసి కలిపి చుట్టూ ఇనుప పట్టీతో బిగించి ఉంటాయి. అవి దొరికితే వదలకండి. విడదీయమని దుకాణంవాడు అన్నా ఒప్పుకోకండి. ఆ పట్టీలోనే వాటి అందం ఉంది, కిటికీ గట్టు మీద అవి కదలకుండా కూర్చునేది కూడా దాని వల్లే.

లోపలి మూలలు, మడిచిన అంచులు వేలితో తడిమి చూడండి. పైపైన ఎర్రటి తుప్పు ఉంటే పరవాలేదు. పొరలు పొరలుగా రాలుతూ, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూది బెజ్జాలు కనిపిస్తే అది నీళ్ళకు పనికిరాదు, వేలాడదీయడానికి మాత్రం పనికొస్తుంది. రంగు వేసిన పాత డబ్బాలు, ఎనామెల్ ఊడిన పళ్ళేలు తెచ్చుకుంటే వాటిని ఉప్పుకాగితంతో రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు. తడిగుడ్డతో తుడిచి అలాగే వాడుకోండి. అలంకరణకు తీసుకున్న పాత రేకులో మళ్ళీ తినే వస్తువు పెట్టకండి.

కడగడం, కానీ తోమకపోవడం

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. సంత నుంచి తెచ్చిన డబ్బాను స్టీలు పీచుతో మెరిసేదాకా తోముతారు. మెరిసిన రేకు కొత్త రేకులాగే ఉంటుంది. అలాంటప్పుడు పాతది తెచ్చుకోవడం ఎందుకు?

ఆ ముదురు గోధుమ రంగు మురికి కాదు. ఏళ్ళ తరబడి పూసిన నెయ్యి, డాల్డా, నూనె భట్టీ వేడికి కాలి గట్టిపడి రేకుకు పట్టిన పొర అది. మన దోసె పెనానికి పట్టే నలుపు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మామయ్య భట్టీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళను డబ్బాలు తోమనిచ్చేవాడు కాదు. "కొత్త రేకు రొట్టెను పట్టుకుంటుంది, పాత రేకు వదిలేస్తుంది. దీనికి నూనె తినిపించాలి గానీ తోలు ఒలవకూడదు" అనేవాడు. రేకును తుప్పు నుంచి కాపాడేదీ ఆ పొరే. అది పోతే ఒక్క వానాకాలంలో డబ్బా ఎర్రబడుతుంది.

అయితే ఆ పొరలో రెండు రకాలున్నాయి. గోరుతో గీసి చూడండి. గోరు జారిపోతే అది గట్టిపడ్డ పొర, దాన్ని ముట్టుకోవద్దు. గోరుకు బంకలా అంటితే అది కాలని పాత నూనె. వాసన వస్తుంది, చీమలు, బొద్దింకలు చేరతాయి. అది పోవాలి. దీనికి నేను కుంకుడుకాయలు వాడతాను. పది కాయలు కొట్టి గింజ తీసి, రెండు లీటర్ల వేడినీళ్ళలో అరగంట నానబెట్టి పిసికితే నురగ వస్తుంది. డబ్బాను అందులో ఒక పావుగంట ఉంచి కొబ్బరిపీచుతో మెత్తగా రుద్దితే బంక వదిలిపోతుంది, రంగు నిలుస్తుంది. వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో బోర్లించండి. ఇనుప రేకు మీద తడి ఒక పూట ఉన్నా తుప్పే.

సత్తు అచ్చులకు బట్టల సోడా తగలనివ్వకండి. మొదటి ఏడాది నాకు ఇది తెలియదు. మామయ్య జెల్లీ అచ్చులు, పువ్వు ఆకారంలో ఉండేవి, ఆరు తీసుకుని సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టాను. గంట తరవాత తీస్తే బొగ్గులా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. సోడా క్షారం, సత్తును తినేస్తుంది. నిమ్మచెక్క రుద్దితే కొంత తేటపడింది గానీ పాత వెండిరంగు పూర్తిగా తిరిగి రాలేదు. ఆ ఆరింటినీ చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక తుప్పు. వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి ఇరవై నిమిషాలు నానబెడితే తుప్పు పోతుంది, నిజమే. కానీ పులుపు తగరపు పూతను కూడా తినేస్తుంది, కింద బయటపడ్డ ఇనుము మళ్ళీ తొందరగా తుప్పు పడుతుంది. అందుకని నేను తుప్పును తీసేయడం మానేసి నల్లగా మార్చేస్తున్నాను. కలంకారీ చేసేవాళ్ళకు తెలిసిన సంగతే ఇది. గుడ్డను ముందు కరక్కాయ రసంలో నానబెడతారు, ఆ పైన ఇనుప ముక్కలు బెల్లంనీళ్ళలో నానబెట్టి తీసిన నీరుతో గీత గీస్తారు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. అదే వగరు తుప్పు మీద పూస్తే తుప్పు నీలం కలిసిన నలుపుగా మారి నిలకడగా ఉంటుంది.

రెండు చెంచాల కరక్కాయ పొడిని గ్లాసు నీళ్ళలో సగం అయ్యేదాకా మరిగించి వడకట్టండి. ఊడే తుప్పును పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఆ కషాయాన్ని కుంచెతో మచ్చల మీద పూయండి. ఆరాక మళ్ళీ ఒకసారి. నాలుగైదు గంటల్లో నారింజ రంగు మచ్చ నల్లబడుతుంది. బేగంబజారులో మూలికల దుకాణాల్లో కరక్కాయ దొరుకుతుంది. అందుబాటులో లేకపోతే పాలు, చక్కెర వేయని చిక్కటి చాయ్ డికాక్షన్ కూడా పనిచేస్తుంది, కాస్త ఆలస్యంగా. పూర్తిగా ఆరాక తేనెమైనం కొంచెం కరిగించి మెత్తని గుడ్డతో పలుచగా రుద్దేయండి. తేనెమైనం లేకపోతే రంగుల దుకాణంలో రంగులేని వార్నిష్ తెచ్చి ఒక పూత వేయవచ్చు. మెరుపు లేని రకం అడగండి.

బెజ్జాలు

డ్రిల్లింగ్ యంత్రం ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. బెజ్జం పడాల్సిన చోట రేకు కింద చెక్క ముక్క ఆనించాలి, అది ముఖ్యం. ఆధారం లేకుండా కొడితే రేకు సొట్టపోతుంది. ముందు మేకు మొనతో చిన్న గుంట పెట్టండి, అప్పుడు డ్రిల్లు జారదు. మూడు మిల్లీమీటర్ల బిట్టు, తక్కువ వేగం. సత్తుకైతే మేకు, సుత్తి చాలు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి, రేకు రజను కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తాలి. బెజ్జం వెనకవైపు లేచిన ముళ్ళను ఆకురాయితో రాసి నునుపు చేయండి, లేకపోతే పురికొస నాలుగు రోజులకే తెగిపోతుంది.

కిటికీలో బ్రెడ్డు డబ్బాల వరుస

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. నాలుగు డబ్బాలు పట్టీతో కలిపి ఉన్నది ఒకటి చాలు. మామయ్య డబ్బాలు ఒక్కొక్కటి ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు. కిటికీ గట్టు మీద కొలిచినట్టు సరిపోయాయి.

నీళ్ళు నేరుగా డబ్బాలో పోయకండి. ప్రతి డబ్బాలో మూడు చిన్న గాజు సీసాలు పెట్టండి, మందు సీసాలైనా సరే, జామ్ సీసాలైనా సరే. నీళ్ళు సీసాలో, రేకు పొడిగా. సీసాల మధ్య ఖాళీలో ఎండు వరిగడ్డి కూరితే అవి దొర్లవు, పైనుంచి గాజు కనబడదు. మొక్కే పెట్టాలనుకుంటే, చామంతి లాంటిది, నర్సరీ సంచితో సహా దింపండి. తడిమట్టి రేకును ఏడాది తిరగకుండా తినేస్తుంది.

ఇప్పుడు పూలు. బతుకమ్మ తొమ్మిది రోజులూ నగరంలో ఏ కూడలిలో చూసినా తంగేడు, గునుగు కట్టలు కట్టలుగా వస్తాయి. ఊళ్ళ నుంచి పొద్దున్నే తెచ్చి రోడ్డు పక్కన పోసుకుని కూర్చుంటారు. బంతి, చామంతి ఎక్కువ కావాలంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారకముందే వెళ్ళాలి. బతుకమ్మను మాత్రం తాంబాలంలోనే, సిబ్బిలోనే పేరుస్తాం. రేకు డబ్బాలో కాదు. అది గౌరమ్మ స్థానం. బతుకమ్మ పేర్చగా మిగిలిన పూలు, ఇంకా వాడకముందే, ఈ డబ్బాల్లోకి వస్తాయి.

తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. కానీ కోశాక ఎక్కువసేపు నిలవదు, కొమ్మ తెచ్చిన పూటే వాడిపోవడం మొదలుపెడుతుంది. దానికి రెండు పనులు చేయాలి. కాడను నీళ్ళలో ముంచి ఉంచి, ఆ నీళ్ళలోనే ఏటవాలుగా ఒక అంగుళం కోయాలి. నీళ్ళలో మునిగే ఆకులన్నీ దూసేయాలి, లేకపోతే అవి కుళ్ళి నీళ్ళు వాసన వేస్తాయి. రోజూ నీళ్ళు మార్చితే రెండు రోజులు వస్తుంది, అంతకుమించి ఆశించకండి. గునుగు అలా కాదు. జొన్నచేలలో, పత్తిచేలలో దానంతట అదే మొలిచే ఈ పువ్వు నీళ్ళు లేకుండానే ఎండి అలాగే నిలబడుతుంది, తెలుపు మీద కాస్త గులాబీ ఛాయతో. అందుకని నేను డబ్బాకు మూడొంతులు గునుగు, ఒక వంతు తంగేడు పెడతాను. తంగేడు వాడాక తీసేసి ఆ చోట బంతి, తరవాత చామంతి గుచ్చుతాను. గునుగు మాత్రం దీపావళి దాకా కదలదు. బతుకమ్మ కోసం గునుగు కొసలకు రంగులు అద్దుతారు కదా, ఈ డబ్బాలకు అద్దకండి. కాలిన రేకు పక్కన గునుగు సొంత రంగు ఎంత బాగుంటుందో ఒకసారి చూశాక మీరే అద్దరు.

ఎత్తు విషయం ఒకటి. పూలు డబ్బా ఎత్తుకు రెండింతలు దాటకూడదు. దాటితే కిటికీలోంచి గాలి కొట్టినప్పుడు వరుస మొత్తం ముందుకు వాలుతుంది. పూలకూ రేకుకూ మధ్య అంచు ఒక అంగుళమైనా కనబడాలి. కొందరు గడ్డి వేలాడేసి డబ్బానే కప్పేస్తారు. అలా కప్పేస్తే ఏ ప్లాస్టిక్ డబ్బా అయినా ఒకటే.

నడుమ బెజ్జం ఉన్న కేకు అచ్చుకు వరికంకులు

మధ్యలో గొట్టం ఉండే గుండ్రటి కేకు అచ్చు చూసే ఉంటారు. దాన్ని గోడకు వేలాడదీస్తే దండలా ఉంటుంది. విదేశాల్లో తలుపులకు ఆకుల చక్రాలు వేలాడదీస్తారు, వాటికి ఇదే అచ్చు వాడేవాళ్ళూ ఉన్నారు. మనకు అంతకంటే పాత అలవాటు ఒకటి ఉంది. కోతలయ్యాక వరికంకులను కుచ్చుగా అల్లి వసారాలో దూలానికి కట్టేవాళ్ళు, పిచ్చుకలు వచ్చి తినడానికి. నా చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉండేది. ఈ రెండింటినీ కలిపితే వచ్చిందే ఇది.

వానాకాలపు వరి మన చుట్టుపక్కల అక్టోబరు చివరి నుంచి కోతకు వస్తుంది. ఊరికి వెళ్ళేవాళ్ళకు చెప్పి, జానెడు కాడతో సహా నూట యాభై కంకుల దాకా తెప్పించుకోండి. బంగారు రంగు వచ్చి, గింజ గట్టిపడి, రాలడం ఇంకా మొదలుకానివి కావాలి. తలకిందులుగా నీడలో వారం రోజులు వేలాడదీయాలి. ఎండలో ఆరబెడితే కాడ పెళుసెక్కి అల్లేటప్పుడు విరుగుతుంది.

అచ్చు బయటి అంచు వెంబడి రెండు అంగుళాలకు ఒక బెజ్జం వేయండి. తొమ్మిది అంగుళాల అచ్చుకు చుట్టూ పద్నాలుగు వస్తాయి. ఒక్కో బెజ్జానికి పది కంకుల కట్ట. కాడలను పావుగంట తడిగుడ్డలో చుట్టి మెత్తబరిచి, మెడ దగ్గర సన్నటి రాగి తీగతో మూడు చుట్లు బిగించి, అదే తీగ కొసలను బెజ్జంలోంచి దూర్చి వెనక మెలిపెట్టండి. కంకులన్నీ ఒకే దిక్కుకు, గడియారం ముల్లు తిరిగే వైపు వాలాలి. ఒక కట్ట కాడలను తరవాతి కట్ట కంకులు కప్పుతూ పోతాయి. పై సగంలో కట్టలు బిగువుగా, కింది సగంలో కొంచెం వదులుగా కట్టండి. బరువుకు కింది కంకులు సహజంగా వంగుతాయి. నడుమ గొట్టం, దాని చుట్టూ నల్లబడ్డ లోతు ఖాళీగా వదిలేయండి. అక్కడ ఏదో ఒకటి పెట్టాలని చేయి లాగుతుంది, పెట్టవద్దు.

వేలాడదీయడానికి గట్టి తీగ ఒకటి మాత్రమే వాడండి, గోడకు ఆనకుండా, గట్టుకు దూరంగా. మన ఊళ్ళో పావురాల బెడద తెలిసిందే. అవి వాలడానికి గట్టు కావాలి. ఊగే వస్తువు మీద వాటికి కాలు నిలవదు, పిచ్చుకలకూ, జీనువాయిలనే చిన్న పిట్టలకూ నిలుస్తుంది. మొదటి ఏడాది పది రోజులు ఒక్క పిట్ట కూడా రాలేదు. పదకొండో రోజు పొద్దున ఒక ఆడపిచ్చుక వచ్చి, అచ్చు అంచు మీద కూర్చుని, గింజ ఒలిచి పొట్టు కింద రాల్చింది. నేను చేతిలో కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. పిట్టలు తినే వస్తువు కనుక ఈ అచ్చుకు వార్నిష్ పూయకండి, కంకుల మీద ఏ రంగూ చల్లకండి. తేనెమైనం చాలు. రంగు వేసిన పాత అచ్చు దీనికి అసలే పనికిరాదు.

గుమ్మానికి చిన్న అచ్చుల తోరణం

కప్పుకేకు అచ్చులు, అంచు కుచ్చులు కుచ్చులుగా ఉండే చిన్న టార్టు అచ్చులు బోర్లిస్తే గంటల్లా ఉంటాయి. మూడడుగుల గుమ్మానికి తొమ్మిది చాలు, నాలుగు అంగుళాలకు ఒకటి. ప్రతి అచ్చు అడుగున నడిమధ్య బెజ్జం వేసి, పురికొస దూర్చి, లోపల ఒక ముడి. ముడి కింద జానెడు కొస వదిలి దానికి ఒక బంతిపువ్వు కట్టండి. పువ్వు వాడాక కొస విప్పి కొత్తది కట్టుకోవచ్చు, తోరణం విప్పక్కరలేదు. అచ్చుల మధ్య మామిడాకులు మామూలుగానే. కార్తీకంలో సాయంత్రం గాలికి ఇవి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి. ఆ చప్పుడు ఇష్టం లేనివాళ్ళు దూరం ఆరు అంగుళాలకు పెంచుకోండి.

జెల్లీ అచ్చుల్లో నేను రెల్లు పెడతాను. శామీర్‌పేట వైపు చెరువు గట్ల మీద పూస్తుంది. పూర్తిగా విచ్చకముందే కోయాలి, విచ్చితే ఇల్లంతా దూదే. కాడలు నిలవడానికి అచ్చులో సీతాఫలం గింజలు పోయండి. ఆ కాలంలో మహబూబ్‌నగర్ వైపు నుంచి సీతాఫలాలు వస్తూనే ఉంటాయి, ఒక్క వారం తిన్న గింజలు కడిగి ఆరబెడితే రెండు అచ్చులు నిండుతాయి. నల్లగా, నిగనిగలాడుతూ, సత్తు తెలుపులో చాలా బాగుంటాయి. ఒకప్పుడు సీతాఫలాల మండి ఉన్న చోటి బేకరీ అచ్చులోకి సీతాఫలం గింజలు చేరడం నాకు ఎంతో నచ్చిన సంగతి. కానీ ఆ గింజలను గుచ్చవద్దు, నూరవద్దు. లోపలి పప్పు విషం, పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటికి బదులు కుంకుడు గింజలు వాడండి.

బిస్కెట్ల పళ్ళెంలో దీపాలు

భట్టీలో పెట్టే పెద్ద పళ్ళెం, రెండడుగుల పొడవుది, కార్తీక దీపాలకు సరిగ్గా సరిపోతుంది. అపార్టుమెంట్ల వసారాల్లో నేల మీద నూనె ఒలికితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది, ముగ్గు వేస్తే మర్నాడు తుడిచేస్తారు. పళ్ళెంలో అయితే ఆ బాధ లేదు. అడుగున బియ్యప్పిండితో ముగ్గు వేయండి. కాలిన రేకు మీద తెల్లటి ముగ్గు పేడతో అలికిన వాకిట్లో వేసినట్టే ఉంటుంది. ప్రమిదలు మట్టివే పెట్టండి. చిన్న రేకు అచ్చుల్లో నేరుగా నూనె పోసి వత్తి వెలిగించాలని కొందరు అనుకుంటారు, అది ప్రమాదం. పాత అచ్చుల అతుకులు టంకంతో వేసినవి ఉంటాయి. తగరం, సీసం కలిపిన మామూలు టంకం సుమారు 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, నూనె మొత్తం కారిపోతుంది. అచ్చే కావాలనుకుంటే అందులో అంగుళం మందం ఇసుక పోసి, పైన ప్రమిద పెట్టండి.

పళ్ళెం కింద రెండు ఇటుకలు. రేకు వేడిని కిందికి పంపుతుంది. ఒకసారి చెక్కపీట మీద పెట్టి, లేవదీసేసరికి పీట మీద ఐదు గుండ్రటి మచ్చలు పడ్డాయి. తెరలకు, రెల్లుకు, వరికంకులకు కనీసం నాలుగడుగుల దూరంలో ఉంచండి. ఎండుగడ్డికి నిప్పు తగిలితే పరుగెత్తి నీళ్ళు తెచ్చే వ్యవధి కూడా ఉండదు. పళ్ళెం వెనక అంచుకు ఇంకో రేకును నిలబెడితే వెలుగు రెట్టింపుగా కనిపిస్తుంది. ఇది ఒక్కచోట మాత్రం మెరిసే సత్తు రేకు పెట్టండి.

విప్పి దాచడం

కార్తీక పౌర్ణమి మర్నాడు అన్నీ విప్పేస్తాను. తీగలు తీసి, ప్రతి రేకునూ పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ఒక పూత తేనెమైనం. ఇనుప రేకులను, సత్తును కలిపి పేర్చకండి, తడి తగిలితే ఒకదానివల్ల ఒకటి పాడవుతాయి. మధ్యలో వార్తాపత్రిక, పైన నూలుగుడ్డ సంచి. ప్లాస్టిక్ సంచిలో కడితే లోపల చెమ్మ పట్టి వేసవికల్లా కొత్త తుప్పు. గునుగు పూలు అట్టపెట్టెలో వేసి, పొగాకు రెమ్మ ఒకటి పెడితే పురుగు పట్టదు, మరుసటి ఏడాదికి ఎండినవి అలాగే పనికొస్తాయి.

వరికంకుల అచ్చును మాత్రం విప్పను. అందులో గింజ ఉన్నన్నాళ్ళూ పిట్టలు వస్తాయి. సంక్రాంతి దాటాక ఒట్టి కాడలు మిగులుతాయి, అప్పుడు వాటినీ పిచ్చుకలే గూళ్ళకు ఒక్కొక్కటిగా లాక్కెళతాయి. తరవాత కొక్కేనికి ఒట్టి అచ్చు, పద్నాలుగు రాగి తీగలతో, కొత్త పంట వచ్చేదాకా అక్కడే ఉంటుంది.